చెప్పుల టీచరమ్మ మడమ

నా మడమ నొప్పి గురించి రాద్దామంటే ముందు నవ్వొస్తోంది. దానికి నేను చేయించుకున్న వైద్యం కొంచెం, దాన్ని దాచడానికి పడ్డ తిప్పలు కొండంత. అవి పంతొమ్మిదివందల ముప్ఫైల నడుమ రోజులు. మేం తాడేపల్లిగూడెంలో ఉండేవాళ్ళం. మా ఆయన రైసుమిల్లులో గుమాస్తా, నేను మిషను వారి ఆడపిల్లల బళ్ళో టీచర్ని, మా అత్తగారు మా ఇద్దరికీ పెద్ద దిక్కు.

నేను పుట్టింది కొల్లేటి లంకలో. పెళ్ళయి వచ్చేదాకా నా కాళ్ళు ఎరిగినవి రెండే, బురదా తాటిదోనే. చెప్పులంటే కరణంగారు వేసుకునేవనీ, ఆయన కూడా మా లంకకి వస్తే చేత్తో పట్టుకు నడిచేవనీ తెలుసు. అలాంటిదాన్ని చెప్పుల మీద ఉపన్యాసాలిచ్చే స్థితికి వచ్చానంటే అది నా గొప్ప కాదు, హెల్తు ఇన్‌స్పెక్టరు గారి పొరపాటు. ఆయన ఒకనాడు బడికి వచ్చి, నేలలోంచి అరికాళ్ళ గుండా ఒంట్లోకి పోయే కొంకి పురుగు బొమ్మ గోడకి తగిలించి, పిల్లల చేతా తల్లుల చేతా చెప్పులు వేయించే పని నాకు అప్పగించారు. నేను వట్టి కాళ్ళతో ఆ బొమ్మ పక్కనే నిలబడి అలాగేనండీ అన్నాను.

ఆ శనివారమే రైలెక్కి ఏలూరు వెళ్ళాను. కొట్టాయన ముందు మందపాటి అడుగున్న చెప్పులు తీశాడు. మొరటుగా ఉన్నాయని పక్కన పెట్టించి, ఎర్ర పట్టీ మీద జరీపువ్వు కుట్టిన పల్చటి జత ఏరుకున్నాను. వాటి అడుగు అప్పడమంత మందం. వెనకాల పట్టీ లేదు, వేళ్ళతో పట్టుకు నడవాలి. పైగా ఓ అర అంగుళం పొట్టి. నా పాదం పెద్దదని కొట్టాయన ముందు ఒప్పుకోవడం ఇష్టంలేక సరిగ్గా సరిపోయాయని చెప్పి వేసుకుని మరీ వచ్చాను.

గుమ్మంలో మా అత్తగారు నా కాళ్ళకేసి చూసి, "మా ఇంట్లో ఆడవాళ్ళెవరూ వేసుకోలేదమ్మా" అన్నారు. అది యుద్ధభేరి అనుకున్నాను. నిలబడ్డపాటున కొంకి పురుగు పుట్టుక దగ్గర్నుంచి చావు దాకా అప్పజెప్పాను. ఆవిడ అంతా విని, "అలాగా" అని పిండి రుబ్బుకోవడానికి వెళ్ళిపోయారు. గెలిచాననుకున్నాను. మర్నాటి నుంచి ఇల్లిల్లూ తిరిగి తల్లులకి చెప్పడం మొదలెట్టాను. నెల తిరక్కుండా ఊళ్ళో నాకు చెప్పుల టీచరమ్మ అని పేరొచ్చింది. ఓ పది మంది పిల్లలు చెప్పులతో బడికొచ్చారు కూడాను.

రెండో నెలలో మొదలైంది నొప్పి. పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమలో మేకు దిగినట్టుండేది. నాలుగడుగులు పడ్డాక సర్దుకునేది. సాయంత్రం కంకర రోడ్డు మీద ఇంటికి వచ్చేసరికి మళ్ళీ మొదటికొచ్చేది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, రాని పురుగు కోసం ఉన్న మడమ పోగొట్టుకున్నాను. పోనీ పైకి మూలుగుదామా అంటే అదీ లేదు. చెప్పులు టీచరమ్మ కాళ్ళు తినేశాయని తెలిస్తే ఆ పది మంది తల్లులూ మర్నాడే పిల్లల చేత చెప్పులు విప్పించేస్తారు. అన్నిటికన్నా ముందు మా అత్తగారి ముందు ఓడిపోతాను. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

కుంటకుండా ఉండాలంటే మడమ నేలకి ఆననివ్వకూడదని కనిపెట్టి, మునివేళ్ళ మీద నడవడం నేర్చుకున్నాను. వారం తిరిగేసరికి మా క్లాసు పిల్లలందరూ మునివేళ్ళ మీదే నడుస్తున్నారు. చెప్పులు వేసుకునే గొప్పవాళ్ళ నడక అలాగే ఉంటుంది కాబోలనుకున్నారట పాపం. పెద్ద టీచరు గారు చూసి, ఇదేమైనా కొత్త డ్రిల్లా అని అడిగారు. అవునండీ అన్నాను. అయితే శుక్రవారం బడి మొత్తానికి నేర్పమన్నారు. నేర్పాను. ఆ పూట నా మడమతో పాటు పిక్కలు కూడా పోయాయి.

వైద్యం మాత్రం దొంగతనంగానే సాగింది. బుధవారాలు మా అత్తగారు స్త్రీల ప్రార్థనకి వెళ్ళగానే ఇటుక కాల్చి, దాని మీద జిల్లేడాకులు పరిచి, మడమ ఆనించి కాపడం పెట్టుకునేదాన్ని. మొదటిసారి తొందరలో ఆకులు పల్చగా వేశాను. అరిచిన అరుపుకి గోడవతల పక్కింటావిడ పలికింది. పిల్లి పాలు తాగేసిందని చెప్పాను. ఆవిడ సానుభూతికొద్దీ గిన్నెడు పాలు తెచ్చిపెట్టింది.

చివరికి సుద్దముక్కలు కొనాలనే వంకతో ఏలూరు వెళ్ళి, ఆసుపత్రిలో డాక్టరమ్మ గారికి చూపించుకున్నాను. ఆవిడ మూడు మాటలు చెప్పారు. ఈ చెప్పులు అవతల పారేసి మడమ కింద మెత్తగా, దళసరిగా ఉండేవి వేసుకోమన్నారు. మంచం దిగే ముందు తువ్వాలు పాదానికి తగిలించి వేళ్ళు నావైపు లాక్కోమన్నారు. గుండ్రటి కర్ర ఏదైనా నేలమీద పెట్టి అరికాలితో దొర్లించమన్నారు. మొదటి మాట నాకు వినబడలేదు. మిగతా రెండూ పట్టుకుని ఇంటికొచ్చాను.

మా ఇంట్లో గుండ్రటి కర్ర ఒకటే ఉంది. అది మా అత్తగారి అప్పడాల కర్ర. ఆవిడ పెళ్ళికి పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. చెప్పడానికే సిగ్గేస్తోంది గానీ, దాన్నే కాలికింద వేసుకున్నాను. ప్రాణం లేచొచ్చినట్టుంది. కళ్ళు మూసుకుని దొర్లిస్తూ ఉండగా, ప్రార్థన తొందరగా అయిపోయి ఆవిడ వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఎంతసేపయిందో తెలీదు. తిడితే ఒక దండం పెట్టి ఊరుకునేదాన్ని. ఆవిడ వంగి కర్ర తీసుకుని, ఉప్పేసి తోమి, ఎండలో పెట్టి, అన్నానికి లేవమన్నారు.

ఇది ఈస్టరు వెళ్ళిన వారంలో. ఆ శనివారం పొద్దున్న చూస్తే గుమ్మంలో నా చెప్పుల్లేవు. మా అత్తగారూ లేరు. సంగతి అర్థమైపోయింది. పెంటపోగు మీద వెతికాను, నూతి వెనకాల వెతికాను. లోపల కోపం, ఆ అడుగున ఇక ఆ చెప్పులు వేసుకోనక్కర్లేదన్న సంతోషం. సంతోషాన్ని తొక్కిపెట్టి, ఆవిడ రాగానే చదవాల్సిన ఉపన్యాసం తయారు చేసుకుని అరుగు మీద కూర్చున్నాను. అందులో స్త్రీల హక్కులు కూడా ఉన్నాయి.

మిట్టమధ్యాహ్నం వచ్చారావిడ. నిప్పులు చెరిగే ఎండ. రోడ్డు వారన గడ్డి ఉన్నచోట ఆగి, లేనిచోట గబగబా నడుస్తూ వచ్చారు. చేతిలో గుడ్డమూట. అరుగు మీద కూర్చుని మూట విప్పారు. అవి నా చెప్పులే.

స్టేషను దగ్గర చెప్పులు కుట్టే ఆయన చేత మడమ కింద రెండు పొరల తోలు వేయించారు. వెనకాల పట్టీ కుట్టించారు. ముందుకి ఓ అర అంగుళం పెంచారు. ఇన్నాళ్ళూ వేళ్ళతో పట్టుకు నడవడం వల్లే మడమ లాగేస్తోందని ఆయన చెప్పాడట. జరీపువ్వు ఆ కుట్టులో పోయింది.

"అప్పడాల కర్రకి మాత్రం ఇంక కాలు తగలనీకమ్మా" అన్నారు.

నా ఉపన్యాసం అరుగు మీదే వదిలేశాను. నీళ్ళచెంబు తెద్దామని లేస్తే అప్పుడు కనిపించాయి ఆవిడ అరికాళ్ళు. ఒకదానికి బొబ్బ పొంగి ఉంది. రెండు మడమలూ పగిలి వేలు దూరేంత సందులు. అవి ఒక్క రోజులో పగిలినవి కావు.

"ఈ ఎండలో చేత్తో పట్టుకొచ్చారేంటండీ? వేసుకుని రాకపోయారా?" అన్నాను.

"నీవి కదమ్మా, నేను వేసుకుంటే సాగిపోవూ?" అని, బొబ్బ తడుముకుంటూ అన్నారు. "ఊళ్ళో తల్లులందరికీ చెప్పొచ్చేవు. నన్ను వేసుకోమని ఎప్పుడూ అననేలేదు కదమ్మా."

దెప్పుతున్నట్టు అనలేదు. దెప్పి ఉంటే నాకు మాటలు దొరికేవి. ఇన్నాళ్ళూ ఆవిడని గెలవడమే చూసుకున్నాను గానీ, ఆవిడకీ రెండు కాళ్ళున్నాయని నాకు తోచలేదు. గోడకి తగిలించిన ఆ బొమ్మలోని పాదం నాకు కంఠతా వచ్చు, మా ఇంట్లో తిరిగే పాదం ఎలా ఉంటుందో తెలీదు. సిగ్గుతో చచ్చిపోయాను.

నా మడమ తొలకరి నాటికి నెమ్మదించింది. అంతకు చాలా ముందే, ఆ సాయంత్రం ఎండ తగ్గగానే, వద్దంటున్నా వినకుండా మా అత్తగారిని జట్కాలో ఎక్కించి స్టేషను దగ్గరికి తీసుకెళ్ళాను. చెప్పులు కుట్టే ఆయన నేల మీద కాగితం పరిచి, పెన్సిలు చెవి మీంచి తీసి, పాదం ఇలా పెట్టండమ్మా అన్నాడు. ఆవిడ పెట్టలేదు. కాగితం మాసిపోతుందని, ముందు వంగి పైటచెంగుతో అరికాలు రెండుసార్లు తుడుచుకున్నారు. నేను అటు తిరిగి, వచ్చే రైలేదో చూస్తున్నట్టు నిలబడ్డాను.