ఎవరి పేరూ చెప్పకుండా

ఏళ్ల తరబడి ఈ మాటను గుండెల మీద కుంపటిలా మోస్తున్నాను. మీరు నన్ను ఎరగరు, కాబట్టి మీకే చెబుతున్నాను. నేనొక మనిషి పరువు తీశాను. కోపంతో కాదు. చాలా మర్యాదగా తీశాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో మాదొక చిన్న సేవాసంస్థ. ఏ కార్యక్రమం చేసినా తర్వాతి ఆదివారం అందరం కూర్చుని, వచ్చేసారి బాగా చెయ్యడానికి, ఎక్కడ తప్పు జరిగిందో మాట్లాడుకుంటాం. దానికో నియమం ఉంది. తప్పు చెప్పాలి, మనిషి పేరు చెప్పకూడదు. ఎవరి మనసూ నొచ్చుకోకూడదని ఆ నియమం పెట్టింది నేనే. ఎంత మంచివాణ్నో చూశారా?

ఆ వేసవిలో సరూర్‌నగర్‌లో ముసలివాళ్లకు చేతికర్రలు పంచాం. వాళ్లను తన బస్తీ నుంచి పోగేసి తీసుకొచ్చి కుర్చీల్లో కూర్చోబెట్టింది సువార్త. ఒక హాస్టల్లో వంట చేసేది, సెలవు పెట్టుకుని మరీ మాకు సాయానికి వచ్చేది. ముఖ్య అతిథి రావడం ఆలస్యమైంది. ఉన్న ఒక్క టెంటునూ నేను వేదిక మీదే వేయించాను. సువార్త నా దగ్గరికి వచ్చింది.

"సార్, టెంటు జర ఇటు జరుపుదామా? ముసలోళ్లు ఎండల మాడుతున్నరు."

"అక్కణ్నుంచి తీసేస్తే బ్యానర్ మీద ఎండ కొడుతుందమ్మా, ఫోటోలు పాడైపోతాయి. కాసేపు ఓర్చుకోమను."

ఆమె వెళ్లి అదే చెప్పింది. కాసేపటికి ఒక అవ్వ కళ్లు తిరిగి కుర్చీలోంచి పడిపోయింది. తుంటి విరిగింది. కర్ర కోసం వచ్చిన మనిషి మళ్లీ నడవలేదు.

ఆదివారం సువార్త నావైపే చూస్తూ కూర్చుంది. నేను చెబుతాననుకుంది కాబోలు. నేను లేచి, "ముసలివాళ్లను కూర్చోబెట్టేటప్పుడు కాస్త బుర్ర వాడాల్సింది" అన్నాను. పేరు చెప్పలేదు. కానీ కూర్చోబెట్టింది ఆమె ఒక్కతే. గుమ్మడికాయల దొంగను నేనైతే, అందరూ ఆమె భుజాలు చూశారు. పేరే రానప్పుడు నేను కాదని ఎలా అంటుంది? నేనే వద్దన్నానని చెబుదామన్నా, పేరెత్తకూడదన్న నియమం అడ్డం. తల దించుకుంది. అది చూస్తే నాకు ఏమనిపించిందో తెలుసా? హాయిగా అనిపించింది. ఇంత సులువా అనిపించింది.

అక్కడితో ఆగానా? "ఇకమీద టెంటు జనం మీద వేద్దాం" అని కూడా అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. అది ఆమె మాట, ఆమె ఎదుటే నాదైపోయింది.

సంగతి బస్తీకి పాకింది. అవ్వను ఎండలో కూర్చోబెట్టి మంచాన పడేసిందని ఇరుగుపొరుగు ఆమెతో మాటలు మానేశారు. ఇల్లు ఖాళీ చేసి తుర్కయంజాల్ వైపు వెళ్లిపోయిందని విన్నాను. ఎల్బీనగర్ దాటితే ఎంత దూరం? వెళ్లి నిజం చెప్పొచ్చు. వెళ్లలేదు. ఇప్పటికీ మా కార్యక్రమాల్లో జనం నీడలో కూర్చుంటారు, ఆ మెప్పు నాకే వస్తుంది, నేనూ కాదనకుండా తీసుకుంటాను.

టెంటు జరపొద్దన్నది నేను. ఈ ఒక్క వాక్యం రాశాక ఊపిరి ఆడుతోంది. దీనివల్ల ఆమెకు ఒరిగేదేమీ లేదని తెలుసు. ఆమె పేరు మీకు చెప్పేశాను. నా పేరు మాత్రం ఇక్కడ కూడా రాయలేదు.