గంజి తాగిన మా పాత కారు

మా వియ్యంకుడు గారు నా కారెక్కడం మానేసి ఏళ్లయింది. మా అమ్మాయి పెళ్లైన కొత్తలో ఆయన్ని ఎక్కించుకెళ్తుంటే బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగిపోయింది. పట్టుపంచెతో దిగి నెట్టాడు పాపం. అప్పట్నుంచి ఎప్పుడు పిలిచినా "ఆటోలో వస్తాలే బావగారూ" అంటాడు. ఆ మాట నాకు ఇప్పటికీ మంటే.

ఆ కారుకి జీపు కార్బురేటర్ బిగించింది నేనే. పరుగు బ్రహ్మాండం. సిగ్నల్ దగ్గర ఆపితే మాత్రం ఇంజిన్ వణికి వణికి చచ్చేది. పెట్రోలు వచ్చే సన్న జెట్లు ఊదాను, స్క్రూలు తిప్పాను, లాభం లేదు.

ఈ రోజు పొద్దున పెరట్లో బానెట్ తెరిచి ఇంజిన్ ఆన్ చేసి చూస్తున్నాను. మా ఆవిడ గంజి పెట్టిన చీర తెచ్చి పైనున్న తీగ మీద ఆరేసింది. గంజి నీళ్లు కారి కార్బురేటర్ అడుగున ఉన్న అతుకు మీద పడ్డాయి. అంతే, ఇంజిన్ వణుకు మాని నున్నగా తిరిగింది!

"ఏమే, ఇంకాస్త పిండు!" అని అరిచాను.

"మతి పోయిందా? చీరండీ ఇది, పెట్రోలు కాదు!" అంది.

ఆ అతుకులోంచి ఇంజిన్ అదనంగా గాలి లాగుతోందన్నమాట. గంజి పడి ఆ సందు మూసుకుంది. వెంటనే అతుకు మధ్య పెట్టే గాస్కెట్ కొత్తది కోసి బిగించాను. ఇప్పుడు ఇంజిన్ ఆన్‌లో ఉండగా బానెట్ మీద నిండు టీ గ్లాసు పెట్టినా తొణకడం లేదు. మోకాళ్ల నొప్పి మర్చిపోయి గంతులేశాను.

బావగారూ, ఆదివారం పొద్దున మీ గుమ్మం ముందుంటాను. అదే పట్టుపంచె కట్టుకోండి, బెంజ్ సర్కిల్ మీదుగానే వెళ్దాం. ఎక్కుతారో లేదో శనివారం సాయంత్రంలోగా ఇక్కడే, ఈ పోస్టు కింద, అందరి ముందూ చెప్పండి. చదివినవాళ్లు కూడా ఆయనకి కాస్త నచ్చజెప్పండి.