ఉన్నదున్నట్టు చూపించిన ఇల్లు

సీసాల కర్మాగారంలో పనిచేసే తెలుగువాళ్ళంతా ఆమెను సీసాలక్క అనేవారు. బెల్టు మీద వరసగా వచ్చే గాజు సీసాలను దీపం వెలుగులో చూసి, పగులున్నదాన్నీ, బుడగున్నదాన్నీ, మెడ వంకరపోయినదాన్నీ తీసి పక్కన తొట్టెలో పడేయడం ఆమె పని. పదకొండేళ్ళుగా అదే పని. బతకడానికి వెళ్ళిన ఆ పరాయి దేశపు భాష ఆమెకు అక్కడే వచ్చింది. అందుకే వచ్చిన మాటలన్నీ ఆ బెల్టు దగ్గరివే: పగులు, మచ్చ, వంకర, కారుతుంది, పనికిరాదు. మర్యాద కోసం అటు తిప్పి ఇటు తిప్పి చెప్పే భాష ఆమెకు రాలేదు. రానందుకు ఆమె ఏనాడూ సిగ్గుపడనూ లేదు.

ఆ ఏడు కర్మాగారాన్ని రైల్లో రెండు గంటల దూరంలో ఉన్న మరో ఊరికి మార్చారు. తెల్లారకముందే రైలెక్కడం, చీకటి పడ్డాక ఇల్లు చేరడం. నెల తిరక్కుండానే కాళ్ళు వాచాయి. ఎనిమిదేళ్ళ కూతురు ఎప్పుడు చూసినా నిద్రపోతూనే కనిపించేది.

"పని దగ్గరికే ఇల్లు మారిపోదామండీ" అంది భర్తతో.

భర్త బేకరీ వ్యాను నడుపుతాడు. నోట్లో నాలుక లేని మనిషి. యూనిఫాం వేసుకున్నవాళ్ళు ఎవరు కనబడినా, రైల్లో టికెట్లు చూసేవాడైనా సరే, జేబులోంచి చేతులు తీసి నిలబడతాడు.

"అగ్రిమెంటు ఇంకా తొమ్మిది నెలలుందే. పరాయి దేశంలో కాయితాల జోలికెళ్ళి కొంప మీదికి తెచ్చుకుందామా?"

"కొంప మారదామనేగా నేననేది!"

ఇంటి ఓనరు కింది అంతస్తులోనే ఉంటాడు. చంకలో ఫైలు లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు. అందుకే మొగుడూ పెళ్ళాం ఆయనకు ఫైలాయన అని పేరు పెట్టుకున్నారు. సీసాలక్క వెళ్ళి విషయం చెప్పగానే ఆయన ఫైలు తెరిచి, ఒక పేరా మీద వేలు పెట్టాడు.

"మధ్యలో వెళ్ళిపోతే తొమ్మిది నెలల అద్దె కట్టాలి. లేదంటే మీ బదులు ఇల్లు తీసుకునే మనిషిని తేవాలి. తగిన మనిషిని. మీరు తేలేరు లెండి."

"తెస్తాను" అందామె.

కర్మాగారం బోర్డు మీదా, వీధి చివర దుకాణం అద్దం మీదా కాగితం అంటించింది. మొదటి శనివారం మధ్యాహ్నమే ఒక కొత్త జంట ఇల్లు చూడ్డానికి వచ్చింది. ఫైలాయన కూడా పైకి వచ్చాడు. భర్త పొద్దున్నుంచీ ఇల్లు రెండుసార్లు తుడిచి, పడగ్గదిలో చెమ్మ మచ్చ కనబడకుండా బీరువా అడ్డం జరిపి పెట్టాడు. సీసాలక్క బీరువాకి భుజం ఆనించి ఒక్క తోపు తోసింది.

"అదేంటే!"

"చూడ్డానికొచ్చినవాళ్ళు చూడొద్దా?"

తర్వాత వాళ్ళను గది గదికీ తిప్పింది. "ఈ గోడ చెమ్మ. వానొస్తే కారుతుంది. ఈ కిటికీ వంకర. పూర్తిగా మూసుకోదు. వేడినీళ్ళు ఒకరికి సరిపోతాయి, రెండోవాళ్ళకి చల్లవి. వంటగది మంచిది. వెలుతురు చాలా మంచిది."

ఫైలాయన మొహం కందగడ్డయింది. బలవంతాన నవ్వుతూ, "ఆ మచ్చ పదేళ్ళ నాటిదండీ. వీళ్ళు రాకముందు నుంచీ ఉంది. దానివల్ల ఇప్పటిదాకా ఎవరికీ ఏమీ కాలేదు" అన్నాడు. జంట ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఆలోచించుకుని చెప్తామని మెట్లు దిగిపోయారు.

ఆ నెలలో మరో నలుగురు వచ్చారు. నలుగురికీ అదే గోడ, అదే కిటికీ, అదే మాట. ఫైలాయన నోట కూడా అదే పదేళ్ళ మచ్చ.

"నిన్ను అబద్ధం చెప్పమనట్లేదే. నిజం చెప్పే పని నీకెందుకంటున్నాను, అంతే" అన్నాడు భర్త.

"మన పిల్ల ఆ గోడ పక్కన పడుకుని చలికాలమంతా దగ్గింది. మనం బయటపడాలని ఇంకొకళ్ళ పిల్లని లోపలికి తొయ్యమంటారా?"

"మరి మనం బయటపడేదెలాగ?"

"తలుపులోంచి."

మరునాడు ఫైలాయన మెట్ల దగ్గర కాపు వేసి పట్టుకున్నాడు. "మీరు నా ఇంటి పరువు తీస్తున్నారు. ఎక్కడినుంచో వచ్చి నా ఇంటికి వంకలు పెట్టడానికి మీరెవరు?"

"అద్దె కట్టేదాన్ని" అంది సీసాలక్క. "గోడ బాగుచేయించండి. నా నోరు దానంతటదే మూతపడుతుంది."

ఆరోసారి వచ్చినవాడు గోడలకు పూత వేసే మేస్త్రి. గోళ్ళ సందుల్లో ఇంకా సున్నం ఉంది. అంతా విని, గోడను గోటితో గీకి, వాసన చూసి, కిటికీలోంచి సగం బయటికి వంగి చూశాడు.

"ఇల్లు నేను తీసుకుంటాను. మా అమ్మకి వెలుతురు కావాలి" అన్నాడు ఫైలాయనతో. "కారేది బయటి పైపు. మీరు పైపు వేయించండి, గోడ పని నేను ఊరికే చేసిపెడతాను."

"షరతులు పెట్టేవాళ్ళకి నా ఇల్లివ్వను" అని ఫైలు మూసి వెళ్ళిపోయాడు ఫైలాయన.

భర్త కుర్చీలో కూలబడ్డాడు. సీసాలక్క మాత్రం సోమవారం సగం రోజు సెలవు పెట్టి పురపాలక కార్యాలయానికి వెళ్ళింది. అక్కడ అద్దెకుండేవాళ్ళకు ఉచితంగా సలహా చెప్పే బల్ల ఒకటుంది. ఆ బల్ల దగ్గరి పెద్దావిడ అగ్రిమెంటును పెన్సిలు మొనతో వరస వరసా చదివింది.

"ఆ మేస్త్రికి ఉద్యోగముందా? తీసుకుంటానన్నాడా? ఓనరు వద్దనడానికి ఏం కారణం చెప్పాడు?"

"పైపు."

పెద్దావిడ పకపకా నవ్వింది. "ఇందులో తగిన మనిషి అని రాసుంది గానీ, నోరెత్తని మనిషి అని రాసిలేదమ్మా. తేవాల్సిన మనిషిని తెచ్చావు. నీ వంతు అయిపోయింది. మేస్త్రి చేత ఒక ముక్క రాయించు. నోటీసు నేను రాసిస్తాను."

"నేనే రాస్తాను" అంది సీసాలక్క. నాలుగే వాక్యాలు రాసింది. మనిషిని తెచ్చాను. ఇల్లు తీసుకుంటానన్నాడు. మీరు వద్దన్నారు. నెలాఖరుకు మేం వెళ్తున్నాం. మేస్త్రి కాగితం జతచేసి, పై అంతస్తు నుంచి కింది అంతస్తుకు రిజిస్టరు పోస్టులో పంపింది.

అందిన రోజే ఫైలాయన రెండేసి మెట్లు ఎక్కుతూ వచ్చాడు. "కోర్టుకెళ్తాను!"

"వెళ్ళండి. జడ్జిగారు ఇల్లు చూడ్డానికొస్తే నేనే దగ్గరుండి చూపిస్తాను."

ఆయన కోర్టుకు వెళ్ళలేదు.

నెలాఖరున తాళాలిచ్చే రోజు ఫైలాయన గదులన్నీ తిరిగి, పడగ్గది గోడ దగ్గర ఆగాడు. "ఈ మచ్చ మీరు చేసిన నష్టం. అడ్వాన్సులోంచి పట్టుకుంటాను."

సీసాలక్క నోరు తెరవబోయింది. ఈలోగా వెనకనుంచి భర్త గొంతు వినిపించింది.

"అది పదేళ్ళ నాటిదని మీరే అన్నారు కదండీ. వచ్చినవాళ్ళందరికీ చెప్పారు. వాళ్ళ నంబర్లు నా దగ్గరున్నాయి. పిలవమంటారా?"

అతని చేతులు జేబుల్లోనే ఉన్నాయి. సీసాలక్క వెనక్కి తిరిగి, ఇతనెవరా అన్నట్టు చూసింది. ఫైలాయన మళ్ళీ గదులన్నీ ఒక చుట్టు తిరిగాడు. చివరికి కర్టెన్ కడ్డీ విరిగిందని చూపించాడు.

"అది మా పిల్ల ఊగితే విరిగింది. దాని ఖరీదు పట్టుకోండి" అందామె వెంటనే.

కడ్డీ ఖరీదు పోను మిగతా అడ్వాన్సంతా చేతికొచ్చింది. సామాను బేకరీ వ్యానులోకి ఎక్కించి, కూతుర్ని మధ్యలో కూర్చోబెట్టుకుని బయల్దేరారు. వీధి మలుపు తిరిగాక భర్త వ్యాను పక్కకు ఆపాడు.

"ఒక్క నిమిషం ఉండవే. కాళ్ళు వణుకుతున్నాయి."

"వణకనీండి. ఇప్పుడు మనకేం తొందర?"

వాళ్ళు వదిలొచ్చిన ఇల్లు మూడు నెలలు ఖాళీగా పడి ఉన్నాక ఫైలాయనే మేస్త్రిని పిలిచి, పైపు వేయించి, తాళాలిచ్చాడు. ఆ సంగతి మేస్త్రే ఫోన్లో చెప్పాడు. ఆ రోజు సీసాలక్క వాళ్ళు వెళ్ళింది కర్మాగారానికి పది నిమిషాల నడక దూరంలో ముందే చూసిపెట్టుకున్న రెండు గదుల ఇంటికి. ఆ ఇంటావిడ అగ్రిమెంటు ముందుపెట్టి, సంతకం ఎక్కడ చేయాలో చూపించి, కలం భర్త చేతికిచ్చింది. అతను కలానికి మూతపెట్టి బల్ల మీద పెట్టాడు.

"ముందు మొత్తం చదువుతామండీ. కాస్త టైం పడుతుంది, కూర్చోండి" అన్నాడు.