గౌరవనీయులకీ గారుకీ మధ్య

నరసరావుపేట కోర్టు ఎదురు సందులో ఇరవై ఎనిమిదేళ్లుగా టైపు కొడుతున్న మీరా సాహెబ్‌కు జీవితంలో ఒక్క కోరికే మిగిలింది. శాలువా. జనం చూస్తుండగా ఎవరైనా పేరు పెట్టి పిలిచి భుజాన ఒక శాలువా కప్పాలి. ఈ చుట్టుపక్కల శాలువా కప్పించుకోని మనిషి ఉన్నాడా? బోరింగు బాగుచేసినవాడికీ కప్పారు, చెడగొట్టినవాడికీ కప్పారు. వాళ్లందరి సన్మానపత్రాలూ కొట్టిచ్చింది మాత్రం మీరా సాహెబే.

అందుకే ముప్పాళ్ళ వైపు మోతుబరి సాంబశివరావు తన షష్టిపూర్తికి అభినందన సంచిక వేయిస్తూ, "బుక్కు బాగా దించు సాయిబూ, స్టేజీ మీద నీకూ శాలువా కప్పిస్తా" అనగానే ఈయన కూలి మాటే ఎత్తలేదు. నలభై రెండు వ్యాసాలు, నలభై రెండు ఫైళ్లు. నెల రోజులు మెడ విరగ్గొట్టుకుని కొట్టాడు.

రేపు ప్రింటుకు వెళ్తుందనగా సాంబశివరావు పరుగున వచ్చాడు. పొద్దున్నే వెంకటప్పయ్య పార్టీ వదిలి రవిచంద్ర పార్టీలోకి మారాడట.

"సాయిబూ, బుక్కులో వెంకటప్పయ్య యాడున్నా పీకెయ్. ఆ చోట రవిచంద్ర గారిని పెట్టు."

"చానా చోట్ల ఉందండీ."

"ఉంటే ఏంది? గుడి అదే, దేవుడే మారాడు. మధ్యాహ్నానికల్లా అయిపోవాల!"

చెప్పినంత తేలికా? వెంకటప్పయ్యను ఒకరు అపర భగీరథుడన్నారు, ఒకరు పల్నాటి పులి అన్నారు, ఇంకొకరు పేరే రాయకుండా నాలుగు వరుసల బిరుదులు నింపారు. పేరు వెతికితే దొరికేది సగమే. అందరి రాతలోనూ మారనివి రెండు మాటలు: ముందు 'గౌరవనీయులు', వెనక 'గారు'.

కంప్యూటర్లో దీనికో ఉపాయం ఉంది. మధ్యలో ఏమున్నా సరే పట్టుకొమ్మని చెప్పడానికి నక్షత్రం గుర్తు పెడతారు. మీరా సాహెబ్ దాన్ని జోకరు అంటాడు; పేకాటలో జోకరు ఏ ముక్క చోటైనా ఇముడుతుంది కదా. 'గౌరవనీయులు' కొట్టి, జోకరు పెట్టి, 'గారు' కొట్టాడు. ఆ వరస కనబడిన ప్రతిచోటా 'గౌరవనీయులు రవిచంద్ర గారు' అని మార్చమన్నాడు. టీ చల్లారేలోగా నలభై రెండు ఫైళ్లూ మారిపోయాయి. తన తెలివికి తనే మురిసిపోయి, మళ్లీ చదవకుండా ప్రెస్సుకు పంపేశాడు.

ఈ గడ్డ మీద గౌరవనీయులు కానివాడెవడని ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే బాగుండేది.

సభలో రవిచంద్ర పుస్తకం ఆవిష్కరించి మైకులో చదవడం మొదలుపెట్టాడు. "వీరి తండ్రి, గౌరవనీయులు రవిచంద్ర గారు. తల్లి, గౌరవనీయులు రవిచంద్ర గారు. ధర్మపత్ని, గౌరవనీయులు..." అక్కడ ఆగాడు. ముందు వరసలో సాంబశివరావు భార్య సరస్వతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పేజీలు తిప్పితే ఊరికి రోడ్డు వేయించిందీ ఆయనే, షామియానా ఇచ్చిందీ ఆయనే. అరవై ఏళ్లు నిండిందీ ఆయనకే. సాంబశివరావు తన పుస్తకంలోంచి తానే ఎగిరిపోయాడు.

మెట్ల దగ్గర నిలబడ్డ మీరా సాహెబ్ రెండడుగులు వెనక్కి వేశాడు. రవిచంద్ర కళ్లు మాత్రం చెమర్చాయి.

"పొగిడేవోళ్లను చానామందిని చూశా. కన్నోళ్లనూ కట్టుకున్నదాన్నీ తీసేసి నన్ను పెట్టుకున్నోణ్ణి ఇయ్యాలే చూస్తన్నా!" అని సాంబశివరావును కావిలించుకుని, అక్కడికక్కడే ఒక చైర్మన్ పదవి ప్రకటించాడు.

"ఆలోచన నాదేనండీ" అన్నాడు సాంబశివరావు.

శాలువాలు కప్పడం మొదలైంది. వంటమేస్త్రీ దాకా అయ్యాక మీరా సాహెబ్ మెట్టు ఎక్కబోయాడు. సాంబశివరావు గబగబా దిగొచ్చి చెవిలో చెప్పాడు.

"నువ్వు పైకొస్తే ఇది టైపు తప్పని అందరికీ తెలిసిపోద్ది. ఇంటికి పో సాయిబూ."

జనం భోజనాలకు లేచాక ఆయన ఒక కుర్చీలో కూర్చుని చివరి పేజీ తీశాడు. కమిటీ వాళ్లు రాసిచ్చిన కృతజ్ఞతలవి. ముప్పై మంది పేర్లూ రవిచంద్రలైపోయాయి. అడుగున ఒక వరస మాత్రం చెక్కుచెదరలేదు: 'టైపు: మీరా సాహెబ్'. ముందు గౌరవనీయులు లేదు, వెనక గారు లేదు. ఆ వరస కొట్టింది తనే. కొట్టేటప్పుడు ఆయనకూ అది కొరతగా అనిపించలేదు.