ఆఖరి ముడి సుబ్బారావుది

నేను గౌను వేసుకుని గోడలెక్కే వయసులో... మా దిల్‌సుఖ్‌నగర్‌లో ఎటు చూసినా ద్రాక్ష తోటలు, ఖాళీ జాగాలు. మేం ఆడే మైదానం పక్కన ఒక పిట్టగోడ ఉండేది. ఆ గోడ నాది! దాని మీద కాళ్ళాడిస్తూ కూర్చుని మా ఫుట్‌బాల్ జట్టును తిట్టడం నా పని. ఆడపిల్లనని ఆటలోకి రానిచ్చేవాళ్ళు కాదు. అభిప్రాయాలకు ఎవడడ్డం?

జట్టుకు కెప్టెన్ మా సామేలన్న, నా సొంత అన్న.

అది అరవై తొమ్మిది... తెలంగాణ ఉద్యమం రోజులు. బడులు మూతబడ్డాయి. ఊరేగింపులు, హర్తాళ్ళు... మ్యాచులన్నీ బందు. ఆట లేని ఆ నెలల్లో నాకు జట్టు గురించి ఒకటే పరేషాన్. గోల్ మీద గోల్ కొట్టే మా గౌస్, మేనమామ ఇంటికని చంపాపేట్ పోయి అక్కడి జట్టులో కలిసిపోయాడు. కడుపు మండిపోయింది నాకు! యాదగిరి ఉన్నాడు గానీ, ఎంత ఉరికితే ఏం లాభం... బంతి దొరికితే కన్నతల్లికి కూడా ఇవ్వడు. ఇక మిగిలిన ధైర్యం ఒక్కటే, గోల్ కాసే మా గోలీ సుబ్బారావు.

సుబ్బారావు వాళ్ళది గుడివాడ వైపు. నాన్నకు సర్కారు కొలువు. మా గల్లీలోనే కిరాయికుండేవాళ్ళు. గోల్‌లో నిలబడితే ఆ పిల్లవాడి చేతులకు జిగురు రాశారేమో అనిపించేది.

మా జట్టుకొక రివాజు ఉండేది. అప్పటి తోలు బంతికి లోపల రబ్బరు బ్లాడరు, పైన బూట్లకున్నట్టు లేసు. వానలు తెరిపిచ్చాక మొదటి ఆదివారం కొత్త బ్లాడరు పెట్టి, గాలి కొట్టించి, తోలుకు ఆముదం రాసేవాళ్ళు. తర్వాత అన్న ఒక్కొక్కరినీ పిలిచి లేసు చేతికిచ్చేవాడు. లేసు దూర్చి లాగినవాడు ఆ ఏడు జట్టులో ఉన్నట్టు. ఆఖరి ముడి మాత్రం గోలీది. ముడి పడ్డాకే బంతి నేల మీద పెట్టాలి.

ఆ ఆదివారం అందరూ వచ్చారు... సుబ్బారావు రాలేదు. ఆంధ్రా వాళ్ళను వెళ్ళిపొమ్మనే గొడవలకు భయపడి వాళ్ళమ్మ గడప దాటనివ్వడం లేదట. ట్రంకు పెట్టెలు సర్దుతున్నారట, ఊరెళ్ళిపోతారట.

అందరూ లేసు లాగారు. ముడి మిగిలింది. యాదగిరి చెయ్యి చాపాడు.

"వాళ్ళు ఎట్లయిన పోతరు గదన్నా. ఆంధ్రోళ్ళ పిలగాడు మనకెందుకు? గోల్‌ల నేను నిలవడ్త."

వీడా! నేను గోడ మీద నుంచి దూకబోయాను. మా అన్న కూడా ఊరేగింపుల్లో గొంతు పోయేలా అరిచినవాడే, అంగీకి జై తెలంగాణ బిళ్ళ పెట్టుకుని తిరిగేవాడే. ఏమంటాడోనని గోడ మీదే ఆగిపోయాను.

"కొలువులు గావాలె మనకు. గోలీ గూడ గావాలె" అన్నాడు. బంతి చంకన పెట్టుకుని నడిచాడు.

ఇక చూడాలి మా సంబరం! జట్టంతా వెనకాల, లేసు వేలాడుతున్న బంతి ముందర. కేకలు, ఈలలు... అందరికంటే గట్టిగా అరిచింది నేనే. ఆ రోజుల్లో అంతమంది మగపిల్లలు, రొమ్ముల మీద బిళ్ళలతో, అరుచుకుంటూ ఒక ఆంధ్రా వాళ్ళింటి మీదికి వెళితే ఎలా ఉంటుందో మాలో ఒక్కరికీ తట్టలేదు.

దడాల్న తలుపు పడింది. లోపల గడియ పెట్టిన చప్పుడు. తర్వాత సుబ్బారావు వాళ్ళమ్మ గొంతు, వణుకుతూ...

"బాబూ, మేం ఎల్లుండే వెళ్ళిపోతాం. మా పిల్లాణ్ణి ఏం చెయ్యకండి."

ఈల వేస్తున్నవాడు ఆగిపోయాడు. మా అన్న ముఖంలో నెత్తురు లేదు. మొన్నమొన్నటి దాకా ఆమె చేతి పులిహోర తిన్న పిల్లలం మేము! నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే కిటికీ ఊచలు పట్టుకుని పైకెక్కాను.

"పెద్దమ్మా, కొట్టనీకి రాలేదు. సుబ్బన్న ముడెయ్యకుంటే మాకు ఆట లేదు."

అన్న బంతిని కిటికీకి ఆనించి పట్టుకున్నాడు. కాసేపటికి ఊచల్లోంచి రెండు చేతులు బయటికొచ్చాయి... సుబ్బారావు చేతులు. లేసు అందుకున్నాయి, బిగించి లాగాయి, ముడి వేశాయి. యాదగిరి తల దించుకుని, బంతి కదలకుండా కింద చెయ్యి పెట్టాడు.

అప్పుడు గడియ తీసింది పెద్దమ్మ. "ఇంత ఎండలో వచ్చారు, మంచినీళ్ళు తాగండర్రా" అంది, కొంగుతో కళ్ళొత్తుకుంటూ.

మొదటి మ్యాచ్ మర్నాడే, చంపాపేట్‌తోనే పడింది. చివర్లో గౌస్ కొట్టిన దెబ్బకు నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి బంతి సుబ్బారావు గుండెల మీద! గెలిచాం! నా పిట్టగోడ పక్కన పెద్దమ్మ నిలబడి ఉంది. ఆమె నాకంటే ఘోరం... "ఒరేయ్ యాదగిరీ, ఆ బంతి పక్కవాడికియ్యరా నాయనా" అని ఆటంతా సతాయించింది. మ్యాచ్ అయ్యాక "మన జట్టు బాగుంది కదే" అంది నాతో. ట్రంకు పెట్టెలు మళ్ళీ అటకెక్కాయి.

ఇప్పుడా మైదానం ఎక్కడుందో నేనే చెప్పలేను. కోచింగ్ సెంటర్లు, మెట్రో స్తంభాలు, ఎల్బీనగర్ దాకా ఒకటే ఊరు. మా మనవడు ఫోన్ చూస్తూ, ఏ ఆటగాడు ఏ క్లబ్బుకు పోయాడో చెబుతుంటాడు. నేనూ ఊరుకోను, గోలీని వదులుకున్నవాళ్ళు బాగుపడరని తిడతాను. వాడు నవ్వుతాడు.

వాడి బంతికి లేసు లేదు... ముడి కోసం ఎవరి కిటికీ దగ్గరికీ పోవాల్సిన పని లేదు. మీ జట్టులో, ఎవరు రాకపోతే ఆట మొదలయ్యేది కాదు? వాళ్ళ పేరొకటి ఇక్కడ రాసి పోండి...