అత్తయ్యగారు వదలని జాడీ

వరద నీళ్లు ఇవాళ మధ్యాహ్నం మా వీధిలోకొచ్చేశాయి. మావయ్యగారికి డాక్టరు రాసిన గుండె మాత్రలు నెలకి సరిపడా కొని ముందే బ్యాగులో సర్దాను కాబట్టి నాకు ధీమా. మోకాలి లోతు నీళ్లలో ఎదురింటి మేడకి బయల్దేరితే, అత్తయ్యగారు ఆవకాయ జాడీ చంకనెత్తుకున్నారు.

“ఇప్పుడు ఊరగాయెందుకండీ?” అని విసుక్కున్నాను.

మేడెక్కి చూస్తే బ్యాగు తడిసి ముద్దయింది. మాత్రలు అందులో లేనే లేవు! బ్యాగంతా తిరగేసి దులిపాను. అత్తయ్యగారు తాపీగా జాడీ మూతికి కట్టిన వాసెనగుడ్డ విప్పారు. ఆవకాయ అయిపోయిన ఆ జాడీలో మాత్రలన్నీ పొడిగా ఉన్నాయి.

“ఏడాదంతా ఆవకాయకే చెమ్మ తగలనివ్వను. మీ మావయ్యగారి మందులకి తగలనిస్తానా అమ్మా?” అన్నారు.

రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాను. మీ ఇళ్లలో మందులెక్కడ దాస్తారో చెప్పండి, మా ఇంట్లో మాత్రం ఇక జాడీయే. మాత్ర చేతిలో పెట్టగానే మావయ్యగారు వాసన చూసి, “అన్నమేదీ?” అన్నారు.