ఏటిగడ్డ బిళ్ళగన్నేరు

ఇవాళ తుమకూరులో దారి పక్కన బిళ్ళగన్నేరు చూడగానే నాగలమడికలో మన బడి గుర్తొచ్చింది. బడి ముందరి చౌడులో ఏదీ బతకడం లేదని, చౌడుకు ఓర్చే పూలమొక్క తెమ్మన్నారు అయ్యవారు. నాతో చదివిన మీకూ గుర్తుండే ఉంటుంది. ఏటిగడ్డన చౌడులోనే ఒంటరిగా పూసిన బిళ్ళగన్నేరును నేను పెకలించి తెచ్చి నాటాను. అందరూ మెచ్చుకున్నారు.

వానలు వెలిశాక అమ్మ నన్ను ఆ గడ్డకే తీసుకెళ్ళింది.

"ఈడ పూలచెట్టు ఉండాల కదమ్మీ, యాడికి పాయ?"

"నేనే పీకినా మా, బడికని."

"నీ చెల్లెల్ని పూడ్సినప్పుడు ఆనవాలుకని నాటినానే."

నాకు ఊహ తెలియకముందే పోయిన చెల్లెలు. నేను మొక్క పీకినచోటి గుంత వానకు పూడిపోయింది. అమ్మ నన్ను కొట్టలేదు. తెల్లటి చౌడు మీద అటూ ఇటూ తిరిగి, చివరికి ఒకచోట కూర్చుని నేలను నిమిరింది. చెల్లెలు ఉన్నది అక్కడో కాదో మా ఇద్దరికీ తెలియదు.